నాలా గోడ మీద గంగమ్మ

"నా గోడ మీద సుత ఒక దేవుని బొమ్మ ఎయ్యరాదయ్యా?"

"ఆడ ఏస్తే నా బొమ్మ అందం పోతదమ్మా."

ఆ పెయింటర్‌తో నా ఆఖరి మాటలు అవే. రాష్ట్రం విడిపోక ముందు సంగతి.

సీతాఫల్‌మండిలో మా ఇల్లు మురికినాలా పక్కనే. నాలాలో ఎవరూ చెత్త పోయకుండా దాని గోడ మీద గంగమ్మను వేయడానికి వచ్చాడు. ఒక కన్ను మూసి, కుంచె చాపి, వెనక్కి వెనక్కి నడుస్తూ తన బొమ్మను తానే చూసి మురిసేవాడు. నా బజ్జీల బండికి తగిలినా తిరిగి చూసేవాడు కాదు.

బొమ్మ బాగుంది, కాదనను. అది అయిపోయిన చోటే నా గుమ్మం. జనం చెత్త తెచ్చి అక్కడ పోయడం మొదలుపెట్టారు.

"ఏందే, నా ఇంటి ముంగట పోస్తున్నవ్?"

"మరి గంగమ్మ ముంగట పొయ్యమంటవా అత్తా?"

ఈగల్లో బజ్జీలెవరు తింటారు? మొగుడు పోయాక నాకు తిండి పెట్టిన బండి మూలపడింది. వాడికి మాత్రం శాలువా కప్పారు. వాడి కుంచెకు మంట పెట్ట!

"పాపం, మంచికే చేసిండు పెద్దమ్మా," అంటోంది ఇది రాస్తున్న మా చెల్లెలి కూతురు. ఆ మంచిని తీసుకెళ్లి వాడి గుమ్మం ముందు పోయాలి.

రాసినవా బిడ్డా? నా తిట్లు తీసెయ్యకు. ఏదీ, చదువు, నేను వింట.