ఎత్తిపోతలకు మోసుకెళ్ళిన బిందె

చింతపండుతో ఇత్తడి బిందె తోముతున్నప్పుడు వచ్చే పుల్లటి వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ మోకాళ్ళు సలుపుతాయి. బాపట్లలో మా ఇంటి పెరట్లో ప్రతి వేసవి మొదట్లో అత్తయ్య బిందెను నేనే తోముతాను. ఎనభైల్లో ఒక మే నెలలో, రేపల్లె నుంచి రైళ్ళు మారుతూ మాచర్ల దాకా దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నది కూడా నేనే.

అత్తయ్య అంటే నాన్నగారి అక్క, కరుణమ్మ. రేపల్లెలో చిన్నపిల్లల బడిలో టీచరు. మాతోనే ఉండేది. ఆవిడ మాటే ఇంట్లో చట్టం, ఆ చట్టానికి అప్పీలు లేదు. మా వైపు ఏ ఊళ్ళో చూసినా బావి నీళ్ళు ఉప్పన, అందుకని ఎక్కడికి బయల్దేరినా తాగే నీళ్ళ బిందె, మూతికి తడిగుడ్డ, ఒక స్టీలు గ్లాసు ఆవిడ వెంట ఉండాల్సిందే. ఎత్తిపోతల జలపాతానికి వెళ్దామనుకున్నప్పుడైనా మానుతుందేమోనని ఆశపడ్డాం.

"అక్కా, మనం వెళ్ళేదే నీళ్ళు చూట్టానికి. మళ్ళీ నీళ్ళెందుకే?" అన్నారు నాన్న తలపట్టుకుని.

"చూసే నీళ్ళు వేరు, తాగే నీళ్ళు వేరురా. ఎత్తు బిందె."

నాకు ఆ జలపాతం మీద ప్రాణం ఉండేది. మా వైపు అంతా చదును, నీళ్ళు కాలవ లాకుల దగ్గర మూరెడు ఎత్తు నుంచి దూకితేనే గొప్ప. కొండమీంచి నీళ్ళు పడటం చూసొస్తానని ఎనిమిదో తరగతి మొత్తానికి చాటేశాను. మాకున్నది ఒక్క సాయంత్రం. మర్నాడే తిరుగు ప్రయాణం, నాన్నగారికి సెలవు లేదు.

తెనాలి స్టేషన్లో రైలు మారేలోపే సగం ప్లాట్‌ఫారం మా బిందె చుట్టూ చేరింది. అడిగినవాళ్ళకల్లా అత్తయ్య గ్లాసు నింపి చేతికిచ్చేది. ఎవరైనా దోసిలి పడితే ఒప్పుకునేది కాదు. "గ్లాసు పట్టుకో నాయనా, నోరు పెట్టుకుని తాగు" అనేది. తాగాక కడిగి తర్వాతివాళ్ళకు ఇచ్చేది. ఒక్కొక్కరికీ ఇంత తతంగం! పైనుంచి పోస్తే పదిమంది దాహం తీరే సమయంలో ఈవిడ ఇద్దరికి ఇచ్చేది.

మాచర్ల బస్టాండులో అదే కొంప ముంచింది. చంటిపిల్లతో ఉన్న ఒకావిడ నీళ్ళడిగింది, ఆవిడ వెనక కూలీలు వరస కట్టారు. మా బస్సు కదిలింది. "రా అక్కా!" అని నాన్న అరుస్తూనే ఉన్నారు. అత్తయ్య తాపీగా గ్లాసు కడుగుతోంది. తర్వాతి బస్సు గంటన్నరకు గానీ రాలేదు. జలపాతం దగ్గర దిగేసరికి పొద్దు వాలిపోయింది, ఆఖరి తిరుగు బస్సు పది నిమిషాల్లో ఉందన్నారు.

పరిగెత్తాను. లోయకు అవతల, మసక వెలుతురులో తెల్లటి పాయలు. కళ్ళనిండా చూసే లోపే అమ్మ పిలిచింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"నీ బిందె వల్లే! వాళ్ళ దోసిట్లో పోసేస్తే బస్సు అందేది" అని అత్తయ్య మీద అరిచాను. ఆవిడ మీద అంతకుముందు ఎవరూ అలా అరవలేదు.

అత్తయ్య నన్ను కొట్టలేదు. జలపాతం వైపు చూస్తూ, "నా చిన్నప్పుడు ఆసాముల ఇళ్ళకెళ్తే మాకలాగే పోసేవాళ్ళే, పైనుంచి. గ్లాసు ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. సగం నీళ్ళు మోచేతుల మీంచి కారిపోయేయి. దాహం తీరేది కాదు, సిగ్గు మాత్రం మిగిలేది" అంది.

తిరుగు బస్సులో బిందె అడుగున మిగిలిన నీళ్ళు గ్లాసులో వంచి నా చేతికిచ్చింది. తాగాను. క్షమాపణ చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు వేసవి వస్తే మా గేటు దగ్గర స్టూలు మీద ఆ బిందె, గ్లాసు పెడతాను. ఈ ఏడాది అప్పుడే మూడు గ్లాసులు పోయాయి. మావారికి విసుగు.

"గొలుసుతో కట్టెయ్యొచ్చుగా, అందరూ అలాగే చేస్తారు" అన్నారు నిన్న.

"మనింటికొచ్చినవాళ్ళ గ్లాసుకి గొలుసేంటండీ!" అన్నాను. అచ్చం అత్తయ్య గొంతే. ఆయన తలపట్టుకున్నారు. నేను నాలుగో గ్లాసు కొనుక్కురావడానికి బజారుకు బయల్దేరాను.