అమ్మ చూసిన జంట గెలాక్సీలు

నేను స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. దయ్యాలు, మహిమలు అంటే పిల్లలకంటే ముందు నవ్వేది నేనే. ఇప్పటికీ నమ్మను. కానీ పోయిన ఎండాకాలం మా డాబా మీద జరిగినదాన్ని ఏమనాలో తెలియడం లేదు.

నాన్న రైల్వేలో రిటైరయ్యాక బిలాస్‌పూర్ పక్కనే తిఫ్రాలో ఇల్లు కట్టారు. అమ్మకు నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయి చాలా ఏళ్ళయింది. వెలుగూ చీకటీ కూడా తెలియవు.

ఆ సాయంత్రం పొద్దుపోయాక కరెంటు పోయి బిలాస్‌పూర్ అంతా చీకటైంది. మసక గెలాక్సీలు చూడాలంటే అలాంటి చీకటే కావాలి. టెలిస్కోపు డాబా మీదికి చేర్చాను. కింద ఉక్కగా ఉందని అమ్మ కూడా నా చెయ్యి పట్టుకుని పైకొచ్చింది. ఒకదాన్నొకటి లాక్కునే రెండు గెలాక్సీలు దొరికాయి.

"నాకూ సూపించే," అంది అమ్మ.

కాదనలేకపోయాను. స్టూలు మీద కూర్చోబెట్టి అమ్మ కన్ను టెలిస్కోపు ఐపీస్‌కు ఆనించాను.

అమ్మ తల కొంచెం అటూ ఇటూ సర్దుకుంది. తర్వాత అంది: "రొండున్నాయి కదే! ఒకటి గుండ్రంగా పొగ ముద్దలాగుంది. ఇంకోటి సన్నంగా, పుల్లలాగ."

అవి సరిగ్గా అలాగే ఉంటాయి. ఎప్పుడైనా నా నోటే వినుంటుందనుకున్నాను. ఇంతలో, "జరిగిపోతన్నాయి... అచ్ఛా, ఎలిపోయేయి," అంది.

భూమి తిరగడం వల్ల టెలిస్కోపులో ఏదైనా మెల్లగా పక్కకు జారిపోతుంది. అమ్మకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తొంగిచూశాను. నిజంగానే జారిపోయాయి.

అమ్మకు చెప్పకుండా టెలిస్కోపును గెలాక్సీలు లేని చోటికి తిప్పాను.

"ఇక్కడ ఉట్టి సుక్కలేనే."

మరో జంట వైపు తిప్పాను.

"ఇవి ఆనుకునున్నాయి. పెద్దదాని కొసన సిన్నది."

ఫోను టార్చి అమ్మ కళ్ళలోకి కొట్టాను. రెప్ప కూడా ఆడలేదు.

"లైటు కనిపిస్తోందా అమ్మా?"

"లైటేటే? కరెంటు రాలేదు కదా?"

మర్నాడే నెహ్రూ నగర్‌లో కళ్ళ డాక్టరుకు చూపించాను. చూపు రవ్వంత కూడా లేదన్నాడు. నేను చెప్పింది విని నావైపే జాలిగా చూశాడు.

నాకు ఆశ చావలేదు. ఆకాశం తేటగా ఉన్నప్పుడల్లా అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టాను. మళ్ళీ ఏమీ కనిపించలేదు. చివరికి అమ్మే నా చెయ్యి తోసేసి, "సాలే అమ్మా. నీ మొకం సూడాలనుంది గానీ అయ్యి నాకేటికి?" అంది.

ఆ తర్వాత అమ్మను మళ్ళీ చూడమని అడగలేదు. ఆ సాయంత్రం అమ్మ ఎలా చూసిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.