పైడన్న పీల్చని గొట్టం

హల్దియాపదర్‌లో నా పుస్తకాల కొట్టు పక్కన ‘టర్బో స్పెషలిస్టు’ అని ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ మూరెడేసి అక్షరాలతో ఒక బోర్డు ఉంది. దాని కింద కూర్చునే మెకానిక్కు పైడన్న. తెలుగువాడై ఉండి తెలుగులో ఎందుకు రాయించలేదంటే మాట దాటేస్తాడు. గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చేవాళ్లు చదివి, లోపలికొచ్చి తనను గుర్తుపడతారని ఆయన భయం. అక్కడ ఆయన పేరు డీజిలు పైడన్న.

ఆ సంగతి నాకు చెప్పింది ఆయన భార్య ఎర్రమ్మే. ఇరవై ఏళ్ల కిందట ఆయన పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. గొట్టంలో గాలి చేరి ఇంజను ఆగితే, నోటితో పీల్చి డీజిలు పైకి రప్పించి, తుపుక్కున ఊసెయ్యాలి. అందరూ చేసే పనే. మన పైడన్న మాత్రం పీలుస్తూ పీలుస్తూ తన గొప్ప చెప్పుకోవాలని నోరు తెరవబోయి గుటక వేశాడు. మూడు రోజులు ఆయన తేన్చినప్పుడల్లా ఒడ్డంతా నవ్వింది. పేరు స్థిరపడిపోయింది. దాంతో ఊరు వదిలి, కార్ల పని నేర్చుకున్నాడు. ఆనాటి నుంచి ఏ గొట్టమైనా ఊదడమే గానీ పీల్చడం లేదు.

ఆ ఊరివాడే కాసులు. రొయ్యల వ్యాపారంలో బాగుపడి టర్బో కారు కొన్నాడు. యాక్సిలేటరు తొక్కితే టర్బో ఇంజనులోకి గాలి తోస్తుంది. కాలు తీస్తే ఆ గాలికి దారి ఉండదు. అప్పుడు ఇంజను ఒక సన్నటి గొట్టంలోంచి పీలిస్తే వాల్వు తెరుచుకుని గాలి బయటికి పోతుంది. కాసులు కంపెనీ వాల్వు తీయించేసి, ‘ఉస్స్’ అని వీధంతా వినిపించేది పెట్టించుకున్నాడు. గేట్ బజార్‌లో ఆటోల మధ్య కారు జానెడు కదలదు కదా, అందుకని నిలబెట్టే తొక్కి వదిలి, తొక్కి వదిలి బట్టల కొట్లవాళ్లకు తన హోదా వినిపించేవాడు.

ఒక సోమవారం ఆ ‘ఉస్స్’ పోయింది. కాలు తీస్తే గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు గరగరమంటోంది.

“ఏటి పైడన్నా, నెల కింద నీకాడే కదా సర్వీసు సేయించినాను?” అన్నాడు కాసులు.

“పెట్రోలు మంచిది కాదు బావా,” అన్నాడు పైడన్న. మర్నాడు వాల్వు విప్పి కడిగి స్ప్రింగు మార్చాడు. ఆ తర్వాత సబ్బునీళ్లు పూసి ఎక్కడైనా గాలి పోతోందేమోనని చూశాడు. గరగర పోలేదు. చివరికి కాసులు కాలిదే తప్పన్నాడు.

కాసులుకు ఒళ్లు మండింది. “రేపు మద్దినేళకి ఉస్సు రాకపోతే, నీ అసలు పేరు నానే ఈ బోర్డు మీద రాయిస్తాను. తెలుగులోనే రాయిస్తాను,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కావస్తోంది. కాసులు కారులో కూర్చుని తొక్కి వదులుతున్నాడు. అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన ఎర్రమ్మ ఇంజను వైపు వంగి చూసింది.

“మావా, నువ్వెట్టిన తెల్లగొట్టం సూడు. బావ కాలు తీసినప్పుడల్లా నలిగిపోతంది.”

సర్వీసులో పాత నల్ల రబ్బరు గొట్టం పగిలి ఉంటే, పడవల కాలం నాటి చుట్టలోంచి కోసి పెట్టిన మెత్తటి గొట్టం అది. లోపలున్నది కనబడుతుంది. డీజిల్లో బుడగలు చూడ్డానికి పడవ మీద అది మంచిదే. ఇక్కడ లోపల ఉన్నదే గాలి! అందులో ఏం చూద్దామనుకున్నాడో ఆయనకే తెలియాలి.

“ఊది సూసినాను. బాగానే ఉంది.”

“ఇంజను ఊదట్లేదు మావా, పీలుస్తంది. పీల్చి సూడు.”

పైడన్న చేతిలోని స్పానరు తుడవడం మొదలెట్టాడు. కాసులు ఇంజను ఆపి దిగి, చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

“ఇలాగియ్యి, నాను పీలుస్తాను,” అంది ఎర్రమ్మ.

పైడన్న గొట్టం ఊడదీసి, ఒక కొస వేలితో మూసి, కళ్లు మూసుకుని రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. వేడికి మెత్తబడ్డ గొట్టం అప్పడంలా అతుక్కుపోయింది. నోట్లోకి గాలీ రాలేదు, డీజిలూ రాలేదు. ఇరవై ఏళ్లు భయపడింది దీనికేనా అన్నట్టు దాన్ని కాసేపు చూశాడు. తర్వాత దళసరి రబ్బరు గొట్టం వెతికి బిగించాడు.

‘ఉస్స్’ మంది. కాసులు ఆనందం పట్టలేక కారు వీధిలోకి తీసి, కిటికీలోంచి తల బయటపెట్టి, బెదిరింపు సంగతే మరిచిపోయి, మనసారా అరిచాడు.

“సెబాసు, డీజిలు పైడన్నా!”

వీధంతా విన్నది. నేనూ పగలబడి నవ్వబోయాను. వాడిపోయిన పైడన్న ముఖం చూశాక నా మీద నాకే సిగ్గేసింది.

మర్నాడు ఎవరో కుర్రకారు టర్బో కారుతో వచ్చి నా కొట్టు ముందు ఆగారు. “డీజిలు పైడన్న ఇక్కడేనా?” అని అడిగారు. నేను తెలియనట్టు పుస్తకాలు సర్దుకున్నాను. పైడన్న చేతులు తుడుచుకుంటూ లేచాడు.

“నానే,” అన్నాడు.