కొడుకేనా?

గల్ఫ్‌లో దుక్మ్ రేవు దగ్గర మా కంపెనీ కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఎక్కడ తేదీ దిద్ది ఉన్నా ఇట్టే పట్టేస్తాను. పెళ్లిచూపుల్లో తన పదో తరగతి సర్టిఫికెట్ చూపించమన్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అడిగిన మాట నిజమే.

మా మేనేజర్ స్వీడన్ వాడు. మొన్న చలికాలంలో ఒక కాగితాల కట్ట తెచ్చి, తన వంశవృక్షాన్ని కంప్యూటర్లో శుభ్రంగా వేసిపెట్టమన్నాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ల క్రితం స్వీడన్ వాళ్లు అమెరికాలో వలస పెట్టినప్పుడు, ఆయన పూర్వీకుడు భార్యతో తొలి ఓడల్లో వెళ్లాడట. నది ఒడ్డున దుంగలు పేర్చి ఇల్లు కట్టాడు. అడవి కొట్టి పంట వేశాడు. ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురు జ్వరాలతో పోయారు. పొలం మాత్రం అక్కడి మూలవాసులకు గుడ్డలు, రాగి గిన్నెలు ఇచ్చి కొన్నాడని రాసి ఉంది. కొన్నాడో, టోపీ పెట్టాడో! ఆఖరి కొడుకు స్వీడన్ తిరిగొచ్చేశాడని, తాను ఆ కొడుకు సంతతేనని మేనేజర్ అంటాడు.

నాకు నమ్మకం కుదరలేదు. తండ్రికి ఒక ఇంటిపేరు, కొడుక్కి ఇంకొకటి, మనవడికి మరొకటి. ఇదేం వంశం? ఎవరి తాతనో తెచ్చి తగిలించుకున్నాడని తేల్చేశాను. ప్రింటు తీసి, కొడుకు పేరు పక్కన ఎర్ర పెన్నుతో తెలుగులో "కొడుకేనా?" అని రాసుకున్నాను. నేను టీకి వెళ్లొచ్చేలోపు ఆయన ఆ ప్రింటే పట్టుకుపోయాడు.

"ఆయన తాతలతో మనకేం పనండీ? ముందు బాబు వీసా సంగతి చూడండి," అంది మా ఆవిడ కాకినాడ నుంచి ఫోన్లో.

ఆవిడ వీసా వచ్చింది. ఆరేళ్ల బాబుది వెనక్కొచ్చింది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకటి, వాడి పాస్‌పోర్టులో ఇంకొకటి. వాడి ఫారం నింపింది నేనే. ఇంటిపేరు గడిలో తండ్రి పేరనుకుని నా పేరు రాసేశాను. ఇప్పుడు వాడు నా కొడుకేనని మేనేజర్ ఉత్తరం ఇస్తే తప్ప పని జరగదు. వాణ్ని వదిలి ఆవిడ రాదు. ఆయన మాత్రం ఎందుకు నమ్ముతాడని నా భయం. ఆయన స్థానంలో ఉంటే నేను నమ్మను.

పాస్‌పోర్టు కాపీలు, పెళ్లి ఫోటోలు, పుట్టిన సర్టిఫికెట్ అన్నీ పట్టుకుని మేనేజర్ గదిలోకి వెళ్లాను. నా పాస్‌పోర్టు, బాబు పాస్‌పోర్టు కాపీలు రెండూ ఆయన పక్కపక్కన పెట్టి చూశాడు.

"బాబు ఇంటిపేరు నీ పేరే కదా? సరిగ్గానే ఉంది. పాతరోజుల్లో మా వాళ్లకీ అంతే. తండ్రి పేరుకు 'కొడుకు' అని చేర్చితే అదే ఇంటిపేరు. తరం తరానికీ మారిపోయేది," అన్నాడు.

మిగతావేవీ చూడకుండానే ఉత్తరం మీద సంతకం పెట్టాడు. సిగ్గుతో నా తల వాలిపోయింది. ఉత్తరం అందిస్తూ, బల్ల మీది ప్రింటులో ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇదేం రాశావు?"

"సరిచూశాను అని రాశాను సార్," అన్నాను.

ఆయన నమ్మాడు.