దుబాయి లైటుకు కామారెడ్డి బ్యాటరీ

ఆ రోజుల్లో ఇంట్లో దుబాయి వస్తువు ఒక్కటుంటే చాలు, వీధిలో ఆ ఇంటి మర్యాదే వేరు. తొంభైలలో నేను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చేసరికి అత్తగారింట్లో అలాంటిది ఒకటుంది. మా బావగారు పంపిన ఎమర్జెన్సీ లైటు! కరెంటు పోగానే దానంతటదే వెలిగేది. అత్తమ్మ దానిమీద పూలు కుట్టిన గుడ్డ కప్పేది. (నాకు పెట్టిన చీరమీద కూడా అన్ని పూలు లేవు.)

ఒక ఎండాకాలం అది వెలగడం మానేసింది. నాలుగు రోజులు ప్లగ్గులోనే ఉంచారు. మామయ్య వడియాల పక్కన పెట్టి ఎండబెట్టారు కూడా. ఇంతలో బావగారు వారంలో వస్తున్నట్టు ఉత్తరం. "కష్టపడి పంపితే ఖరాబు జేసిండ్రా అంటడు నా కొడుకు," అంటూ అత్తమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. ఆ ముఖం చూడలేక, "బ్యాటరీ పోయినట్టుంది అత్తమ్మా, మారిస్తే అయిపోతది. మా కామారెడ్డిల గీ పని అందరికొస్తది," అనేశాను. అప్పటికి నేను మార్చినవి గోడ గడియారంలో సెల్లులు మాత్రమే.

మర్నాడు బస్సెక్కి, కామారెడ్డిలో రేడియోలు బాగుచేసే పెద్దాయన ముందు లైటు పెట్టాను. వెనకమూత తీస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. "ఎండల పెట్టిండ్రా ఏంది? దీన్ని పొడవద్దు, పలగ్గొట్టద్దు బిడ్డా, లోపల ఆసిడ్ ఉంటది," అన్నాడు. తానే మార్చి ఇస్తానన్నాడు గానీ, అందరికీ వస్తుందని కోతలు కోసి వచ్చానుగా! నేర్పమన్నాను. అదే ఓల్టులది, అదే సైజుది ఇచ్చి ఎక్కంలా వల్లె వేయించాడు: "ముందు ప్లగ్గు పీకాలె. ఒక తీగ తీసి టేపు చుట్టినంకనే రెండోది ముట్టాలె. ఎర్ర తీగ ఎర్ర గుర్తుకే."

ఇంట్లో పీటమీద లైటు పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ రబ్బరు చెప్పులు తొడుక్కుని, కట్టె పట్టుకుని నా వెనక నిలబడింది.

"కట్టె ఎందుకత్తమ్మా?"

"షాకు కొడితే కొట్టి ఇడిపిస్త."

"ప్లగ్గు పీకినం గదా!"

"అయినా గానీ. నువ్వు జెయ్యి, నేనుంట."

నాకు షాకు భయం కన్నా కట్టె భయమే ఎక్కువైంది. ఎలాగో తీగలు కలిపి, మూత బిగించి ఛార్జింగ్ పెట్టాను. పాత బ్యాటరీ పగలగొడితే గాలానికి సీసం గుండ్లు వస్తాయని మామయ్య ఆశపడ్డారు. ఇవ్వలేదు. దుకాణంలోనే అప్పగించాలని దాచేశాను.

సాయంత్రానికి పక్కింటి అవ్వతో సహా అందరూ లైటు చుట్టూ చేరారు. అది వెలగలేదు. "ఉన్నది గూడ ఖరాబు జేసినవా పిల్లా?" అంది అవ్వ. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఎర్ర తీగ, నల్ల తీగ మనసులో పదిసార్లు తిప్పుకున్నాక వెలిగింది, లైటు కాదు, నా బుర్ర! కరెంటుంటే అదెందుకు వెలుగుతుంది? లేచి ప్లగ్గు పీకాను. ఇల్లంతా తెల్లగా వెలిగిపోయింది.

"కామారెడ్డి పిల్ల హుషారే," అంది అవ్వ.

"కామారెడ్డి ఏంది? మా ఎల్లారెడ్డి కోడలు!" అంది అత్తమ్మ, కట్టె పక్కన పడేసి.

బావగారికి ఏమీ తెలియనివ్వొద్దని అనుకున్నాం. ఆయన చాయ్ గ్లాసు ఖాళీ చేసేలోగా అత్తమ్మే మొత్తం చెప్పేసింది, మూడు షాకులు అదనంగా కలిపి. ఆ తర్వాత వీధిలోని దుబాయి లైట్లన్నీ నా పీట మీదికే వచ్చాయి.

రాని పని వచ్చని కోతలు కోసి, ఆ మాట నిలబెట్టుకోవడానికి పని నేర్చుకున్న ఆ పిల్ల గుర్తొస్తే ముచ్చటేస్తుంది. ఇప్పుడు నేను, బాగా వచ్చిన పనికి కూడా "ఏమో, చూద్దాం" అంటున్నాను.