తలంటిన పూట నిద్ర

ఆ రోజుల్లో ఆరోగ్యం గురించి ఎవరూ ఇంతగా మాట్లాడుకునేవాళ్ళు కారు. ఒళ్ళు ఉండేది, అది పని చేసేది, మొరాయించిన రోజు కాస్త మిరియాల కషాయం పోస్తే దారికొచ్చేది, అంతే. ఇప్పుడు నేను కళ్ళు నులుముకునేలోపే ఫోన్లో నలుగురు నన్ను బాగుచేయడానికి సిద్ధంగా ఉంటారు. ఒకాయన నానబెట్టిన మెంతులు మింగమంటాడు, ఒకావిడ మెంతులు ముట్టొద్దంటుంది, మరొకాయన యాభై దాటినవాడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలగాలంటాడు. (లేచి చూశాను. లేవగలిగాను. మెచ్చుకునేవాళ్ళెవరూ లేకపోవడంతో మళ్ళీ కూర్చున్నాను.) వయసు మీద పడకుండా ఎలా చూసుకోవాలో నాకు కుర్రతనంలోనే తిరుత్తణిలో ఒక పెద్దాయన నేర్పాడు. నేర్పాడనడం కంటే పట్టుకుని రుద్దాడనడం సబబు.

అప్పుడు నాకు తిరువళ్ళూరు దగ్గర బోల్టులు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. కొత్తగా చేరినవాణ్ణి కాబట్టి రాత్రి షిఫ్టులన్నీ నాకే రాసిపెట్టారు. మా పల్లె నుంచి రోజూ పోయి రావడం కుదరక, రైలు సౌకర్యం ఉందని తిరుత్తణిలో గది వెతుక్కున్నాను. అందరూ ఇళ్ళకు చేరే వేళకు నేను రైలెక్కేవాణ్ణి, అందరూ పనులకు బయల్దేరే వేళకు దిగి పడుకునేవాణ్ణి. ఇలా కొన్నాళ్ళు బతికితే మనిషికి మాటలు తగ్గిపోతాయి. టీ కొట్టు ఆయనతో "ఒరు టీ" అనడమే నేను రోజు మొత్తంలో చేసే సంభాషణ. ఇరవై నాలుగేళ్ళకే అంత ఒంటరిగా ఉండవచ్చని నాకెవరూ ముందుగా చెప్పలేదు.

గది ఇచ్చినాయన్ని వీధిలో అందరూ నల్లెణ్ణె మామ అనేవాళ్ళు. నువ్వులనూనెకు అరవంలో ఆ పేరు. డెబ్బై దాటినా వెన్ను నిటారుగా, పళ్ళన్నీ తన సొంతంగా, చెవుల మీద తప్ప ఎక్కడా తెల్ల వెంట్రుక లేకుండా ఉండేవాడు. కోడి కంటే ముందు లేచి వేపపుల్ల నమిలేవాడు, చద్ది రాగిసంకటి మజ్జిగలో పిసికి తాగేవాడు, గుడి కొండ మెట్లు ఎక్కి దిగేవాడు, పొద్దు వాలకముందే రాత్రి భోజనం ముగించేవాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అద్దె సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, అసలు షరతు మాత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"మా ఇంట్లో ఉండాలంటే శనారం శనారం తలకి నూనె పోసుకోవాల నాయనా. ఉడంబు సల్లగుంటాది. సరియా?"

నా ఒళ్ళు చల్లగా ఉండాలని ఎవరో పట్టించుకున్నారన్న సంతోషంలో సరేనన్నాను.

మొదటి శనివారం నేను షిఫ్టు దిగి, రైల్లో తూలుతూ ఇల్లు చేరేసరికి మామ పెరట్లో పీట వేసి, మిరియాలు, జీలకర్ర వేసి కాచిన నూనె గిన్నెతో సిద్ధంగా ఉన్నాడు. కూర్చోబెట్టి నడినెత్తి మీద నూనె పోసి తబలా వాయించినట్టు వాయించాడు. మెడ, భుజాలు, వీపు, దేన్నీ వదల్లేదు. తర్వాత సీకాయ పొడితో రుద్దితే సగం నా కళ్ళలోకే పోయింది. కాగిన నీళ్ళు, ఆపైన వేడన్నం, మిరియాల రసం. ఆ రసం కడుపులోకి దిగగానే వచ్చిన నిద్ర మామూలు నిద్ర కాదు, రాత్రంతా నిలబడి పనిచేసినవాడికి నూనె పట్టించి మరీ పిలిచిన నిద్ర. చాప పరిచి ఇలా ఒరిగానో లేదో, మామ చాప కొస పట్టుకుని లాగేశాడు.

"ఒరేయ్, ల్యా! తలకి పోసుకున్న పొద్దు పగలు పండుకుంటారా ఎవురన్నా? చలిజెరం వస్తాది!"

"మామా, రాత్రంతా డ్యూటీ చేసినా మామా. నాకిది పగలు కాదు, రాత్రి!"

"నీకు రాత్రైతే సూరీడికి తెలస్తాదా? ల్యా, సుమ్మా ఊరికే నాతో కూసో."

మా జనంలో ఈ పద్ధతి అందరికీ తెలిసిందే, మా అమ్మా అదే చెప్పేది. అయితే రాత్రి షిఫ్టువాడు శనివారం పూట తలంటుకు ఒప్పుకోవడం ఎంత తెలివితక్కువతనమో నాకు అప్పుడు తెలిసింది. పొద్దు వాలేదాకా మామ నా మీద కాపలా. వాళ్ళన్న పెళ్ళికి పోతూ పళ్ళిపట్టు దారిలో ఎద్దులబండి తిరగబడిన కథ మొదలుపెట్టి, మధ్యమధ్యలో "ఊఁ కొట్టరా" అని మోచేత్తో పొడిచేవాడు. నేను ఊఁ కొట్టడం ఆలస్యమైతే కథ మళ్ళీ ఎడ్లు కట్టే దగ్గర్నుంచి మొదలయ్యేది. అదీ పనిచేయకపోతే కొండకు లాక్కుపోయేవాడు. ఒకసారి అలా దర్శనం వరుసలో నిలబడే నిద్రపోయాను. ముందున్నాయన అప్పుడే గుండు చేయించుకుని, నున్నగా చందనం పూసుకున్నాడు. నా చెంప వెళ్ళి ఆ గుండు మీద వాలింది. చల్లగా, సువాసనగా ఉండటంతో వాలిన చెంప అక్కడే స్థిరపడింది. "ఎన్న తంబి, ఎన్ తలైయిలయా తూంగురె?" అని, నిద్రపోవడానికి తన తలే దొరికిందా అన్నట్టు, ఆయన తిరిగేసరికి ఆయన గుండు మీద చందనం లేదు, అంతా నా చెంప మీదే ఉంది. మామ నవ్వలేదు. "పాపం, తలకి పోసుకునుండాడు" అని ఆయనకు అరవంలో సర్దిచెప్పాడు. ఆయన కూడా, అయితే నిద్రపోనివ్వకండి అని మామకే వంతపాడాడు.

కొన్ని శనివారాలకు నేను విసిగిపోయాను. ఓవర్‌టైం ఉందని మామకు ముందే చెప్పి, షిఫ్టు దిగి తిరువళ్ళూరు స్టేషన్లో బెంచీ మీద పడుకున్నాను. ఊడ్చేటావిడ చీపురుతో బెంచీని కొట్టి, "ఇదెన్న ఉన్ వీడా?" అని లేపేసింది. నా ఇల్లు కాదు, నిజమే. చేసేదిలేక వచ్చిన రైలెక్కి తిరుత్తణి చేరాను. మామ కంటపడకుండా గదిలో దూరుదామని పెరటి దారిన చప్పుడు కాకుండా వచ్చాను.

పెరట్లో మామ ఒక్కడే పీట మీద కూర్చుని ఉన్నాడు. నూనెలో తడిపిన తువ్వాలును వీపు మీదుగా వేసుకుని, రెండు కొసలూ పట్టుకుని మజ్జిగ చిలికే తాడులా లాగుతున్నాడు. అది జారిపోతోంది, మళ్ళీ వేసుకుంటున్నాడు. నూనె నడుమంతా కారిపోతోంది కానీ వీపు మధ్యకు మాత్రం చేరడం లేదు. నాకు నవ్వాగలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అంతలో మామ గొంతు వినిపించింది. పళ్ళిపట్టు దారిలో బండి తిరగబడుతోంది. "ఎడమెద్దు బెదిరింది, చూడు" అని ఆగాడు. ఒక్క క్షణం తర్వాత, తనే, చిన్నగా, "ఊఁ" అన్నాడు. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

దగ్గరికి పోయి గిన్నె తీసుకున్నాను. మామ ఉలిక్కిపడి నావైపు చూశాడు.

"ఓటీ అంటివే? యాడ పోయినావు? నూనె చల్లారిపాయె."

"లేదన్నారు మామా. తిరుగు, ఈపు చూపించు."

నేర్పినట్టే రుద్దాను. ఆ వీపు పైకి కనిపించేంత గట్టిది కాదు, లోపల ఎముకలన్నీ చేతికి తగులుతున్నాయి.

"మీ అత్త పొయినాక ఈ ఈపు మీద ఒక చెయ్యి పడింది ఇప్పుడేరా" అన్నాడు మామ.

నీళ్ళు పోసి, రసం కాచి అన్నం పెట్టాను. (రసంలో ఉప్పు మరిచిపోయాను. మామ వంక పెట్టకుండా తాగాడు.) తర్వాత ఇద్దరం తిన్నె మీద కూర్చున్నాం. బండి కథ నేనే అడిగి చెప్పించుకున్నాను. ఎడ్లు కట్టేలోపే మాట ఆగిపోయింది. చూస్తే మామ గోడకు తలానించి, నోరు కాస్త తెరిచి, పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. నాకు కంగారు పుట్టింది, భుజం పట్టి ఊపాను.

"మామా, ల్యా! జెరం వస్తాది!"

ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"వస్తే రానీరా. నువ్వుండావు గదా."

ఆ వేపపుల్లా, ఆ కొండ మెట్లూ, ఆ వేళపట్టున తిండీ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. మామకు నూరేళ్ళు బతకాలన్న ఆశేమీ లేదు. మంచాన పడితే గ్లాసు నీళ్ళిచ్చే మనిషి లేడు, అందుకని పడకుండా నిలబడ్డాడు, అంతే. ఆ రోజు పొద్దు వాలేదాకా నేను కళ్ళు మూయకుండా ఆయన పక్కన కూర్చున్నాను. జ్వరం రాలేదు.

ఇప్పుడు నేను తిరువళ్ళూరులో ఒక చిన్న ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. పెళ్ళి ఎందుకు కుదరలేదని అడక్కండి, నాకూ సరిగ్గా తెలియదు. రాత్రి తిండి పెందలాడే ముగిస్తాను, లిఫ్టు ఎక్కను, పంచదార డబ్బా ఎప్పుడో తీసి పారేశాను. పార్కులో నడిచేవాళ్ళు "వయసే తెలీదు సార్, రహస్యమేంటి?" అని అడుగుతారు. నల్లెణ్ణె అని చెప్పి నవ్వేస్తాను, వాళ్ళు ఫోన్లో రాసుకుంటారు. అసలు సంగతి వాళ్ళకు చెబితే పొద్దున్నే నడక పాడవుతుంది. శనివారం తలంటుకుని, రసం అన్నం తిని, టీవీ గొంతు పెంచి, కుర్చీలో నిటారుగా కూర్చుంటాను. నిద్ర ముంచుకొస్తుంది. జ్వరాన్ని రానిచ్చే ధైర్యం మాత్రం నాకింకా రాలేదు.