దండగ గడి

మొన్న ఉదయం 6 గంటల 10 నిమిషాలకు తమిళనాడులోని తేని పట్టణం దాటి కొండదారి మొదట్లో నిలబడ్డాను. పైనున్న ఊరికి దూరం 7 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 900 మీటర్లు. ఆ ఊళ్ళో బిగించడానికి విడదీసి తెచ్చిన నీటి పంపు బరువు 130 కిలోలు. దాన్ని రెండు కంచరగాడిదలు మోయాలి. తడిసిన గోనెపట్టా, నూనె రాసిన తోలు కలిసిన వాసన తగలగానే రంగసామి మామ గుర్తుకు వచ్చాడు. సైన్యంలో కంచరగాడిదలను తోలి, పదవీ విరమణ తరువాత కోయంబత్తూరులో మా పక్కింట్లో ఉండేవాడాయన.

ఇంజనీరింగు రెండో ఏడాదిలో నేనొక ప్రసంగ పోటీకి సిద్ధపడ్డాను. మొదటి బహుమతి నీదేనని మా ఆచార్యులు అప్పటికే అనేశారు. మూడు కాలాల సేనాపతులలో ఎవరు గొప్ప అన్నది విషయం: నాయకరాజుల నాటి మదురై దళవాయి, కుంఫిణీ జనరల్, మన కాలపు జనరల్. దండు, రోజుకు నడిచిన దూరం, గెలుపు అని గడులు గీసి మార్కులు వేశాను. మూడో ఆయనకే ఎక్కువ వచ్చాయి. మామ పనిచేసింది ఆయన కిందనే కనుక సంతోషిస్తాడనుకుని చూపించాను. మామ గడులన్నిటి మీదా వేలు నడిపించాడు.

“దండు ఉండాది. దండగ గడి యాడ కణ్ణూ?”

గెలిచినవాడికి దండగ ఏమిటని అడిగాను.

“ఆయన గెలిచినాడు, నిజమే. మంచోడు కూడా. ఆ కొండకి పన్నెండు గాడిదల్ని ఎక్కిస్తి, అయిదిటితో దిగితి. నాతోపాటు గాడిదల్ని తోలిన నా జోడీ ఆరుముగం దిగలా. గెలుపూ దండగా రెండూ రాయి.”

నాలుగు రోజులు గ్రంథాలయంలో వెతికాను. దళవాయి గుళ్ళకు ఇచ్చిన మాన్యాలు కనబడ్డాయి గాని, ఆయన వెంట వెళ్ళి తిరిగి రానివారి లెక్క నాకు దొరకలేదు. నేను చూసిన కుంఫిణీ పుస్తకంలో దొరలకు పేర్లున్నాయి, సిపాయిలకు అంకెలున్నాయి, ఎడ్లు తోలినవారికి ఏదీ లేదు. మన కాలపు లెక్కల్లో ఆరుముగం పేరుంది. అయితే నేను పోలుస్తున్నది సేనాపతులనా, వారి వెనుక లెక్క రాసినవారినా? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

వేదికపై, కొత్తగా గీసిన దండగ గడిలోని ఖాళీలు చూపి, మార్కులు వేయలేనని చెప్పాను. బహుమతి కప్పు రాలేదు. ఇంటికి వచ్చేసరికి మామ గుమ్మంలోనే ఉన్నాడు.

“ఓడితివా?”

“ఓడితిని మామా.”

“సరి, దండగెంత?”

“ఒక కప్పు.”

“కప్పే గదా. దా, కాఫీ పోసిస్తా.”

అప్పటి నుంచి నేను రాసే ప్రతి పని నివేదికకూ చివర ఆ గడి ఉంటుంది. మొన్నటి నివేదికలో ఇలా రాశాను. పంపు 10 గంటల 40 నిమిషాలకు పైకి చేరింది. దండగ: బోల్టులు రెండు, లాడం ఒకటి, గాడిదలను తోలిన పాండి ఎడమ మోకాలి మీద చర్మం.